అంచుల్లో రాసిన అంకెలు

ఆ శుక్రవారం పొద్దున లూదియమ్మ బొరుగుల ఉగ్గానిలో రెండుసార్లు ఉప్పు వేసింది. నలభై ఏళ్లుగా వంటింట్లో చెయ్యి తప్పని మనిషి ఆమె. కొడుకు దేవరాజు మొదటి ముద్దకే మొహం ముడుచుకుని గ్లాసెడు నీళ్లు తాగాడు. కోడలు ప్రసన్నకుమారి ఆ ప్లేటు తీసేసి రెండు అరటిపళ్లు తెచ్చి పెట్టింది. అత్త ఐదు రోజులుగా ఇలాగే ఉందని ఆమె గమనిస్తూనే ఉంది. కూర్చుంటే లేస్తుంది, లేస్తే ఎందుకు లేచిందో మర్చిపోతుంది. పడమటి గదిలో ఉన్న ట్రంకుపెట్టె మీద దుప్పటి తీస్తుంది, మళ్లీ పరుస్తుంది.

గొడవంతా ఆ ట్రంకుపెట్టెతోనే వచ్చింది. అందులో చనిపోయిన ఆనందరావు పుస్తకాలు నాలుగున్నాయి. ఆయన కర్నూలు-కడప కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి, ఆళ్లగడ్డ సెక్షన్‌లో రిటైరై, నంద్యాలకు వచ్చిన రెండేళ్లకు పోయాడు. ఇప్పుడు పందొమ్మిది వందల ఎనభై మూడు. ఆయన పోయి ఏడేళ్లు కావస్తోంది.

నాలుగు పుస్తకాల్లో ఒకటి సున్నం, ఇటుక పని మీద మద్రాసులో అచ్చయింది. ఒకటి సర్వే పుస్తకం, జేబులో పట్టేంత చిన్నది, తోలు అట్టది. ఇంకోటి ఆవిరి బాయిలర్ల గురించి, దిండంత లావుది. కాలువ పనికి బాయిలర్లతో ఏం సంబంధమో ఆనందరావుకే తెలియదు. బదిలీ మీద పోతున్న ఇంగ్లీషు దొర ఇస్తే వద్దనలేక తెచ్చుకున్నాడు. నాలుగోది లండన్‌లో అచ్చయిన పట్టికల పుస్తకం. తూములో నీళ్లు ఇంత లోతుంటే సెకనుకు ఎన్ని ఘనపుటడుగులు పోతాయో అందులో వరుసగా ఉంటుంది. మూడు వందల పేజీలు, మాటలు తక్కువ, అంకెలే ఎక్కువ.

ఎల్లుండి ఆదివారం నంద్యాలలో ఇంజనీర్ల సంఘం వాళ్లు పాతకాలపు ఇంజనీరింగు పుస్తకాల ప్రదర్శన పెడుతున్నారు. సంఘం అధ్యక్షుడు జ్ఞానప్రకాశం, రిటైరైన పెద్ద ఇంజనీరు, పోయిన ఆదివారం ఇంటికి వచ్చి టీ తాగుతూ ఆ పట్టికల పుస్తకం తిరగేశాడు. పేజీల అంచుల్లో పెన్సిలుతో రాసిన సవరణలు చూసి ఆగిపోయాడు. కాగితం అడిగి రెండు లెక్కలు వేసి చూసుకున్నాడు. లండన్ వాళ్ల అంకె మన కాలువకు సరిపోదు, ఆనందరావు అంకే సరైనదని తేల్చాడు. ఆ సవరణలన్నీ చిన్న పుస్తకంగా వేయిద్దాం, మొదటి పేజీలో ఆనందరావు ఫొటో పెడదాం అన్నాడు. ఆ రోజు నుంచి పాలిటెక్నిక్ లెక్చరర్ దేవరాజు కాళ్లు నేల మీద లేవు. ఆ రోజు నుంచే లూదియమ్మకు కంటి మీద కునుకు లేదు.

దేవరాజు చెయ్యి కడుక్కుని వచ్చి, సాయంత్రం పుస్తకాలు సారుకు ఇచ్చి వస్తానన్నాడు.

“మూడు తీస్కపో నాయనా. ఆ పట్టికల పుస్తకం మాత్రం వద్దులే,” అంది లూదియమ్మ.

“ఏందిమ్మా ఇది? వాళ్లకు కావాల్సిందే అది.”

“అది ఇంట్లోనే ఉండనీ.”

“ఏంటికని అడుగుతాండా.”

లూదియమ్మ పైట కొంగు చుట్టింది, విప్పింది. దేవరాజుకు చిర్రెత్తుకొచ్చింది.

“దాంట్లో ఒక్క ముక్కన్నా తెలుసునా నీకు? నాయన బతుకంతా ఉండాది దాంట్లో. నీకేమో పెట్టెలో దాచుకునే పెండ్లిచీర మాదిరి అయిపోయింది. లెక్కల సంగతి నీకేం తెల్సునని అడ్డం పడతాండావ్?”

దేవరాజు స్కూటరెక్కి కాలేజీకి వెళ్లిపోయాడు. ఒక సంగతి చెప్పాలి. నాయన పుస్తకాల గురించి ఊరంతా చెప్పుకు తిరిగిన ఈ కొడుకు ఏడేళ్లలో ఒక్కసారి కూడా వాటిని తెరిచి చదవలేదు. తాను మీటర్లలో పాఠం చెప్పేవాడు, అవేమో అడుగుల కాలం నాటివి. పుస్తకాల మీద గౌరవం ఉంటే చాలు, చదవక్కర్లేదనుకునే రకం.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఆనందరావు కళ్లకు నీటికాసుల జబ్బు, గ్లకోమా, వచ్చింది. కంటి డాక్టరు ఆలస్యమైపోయిందన్నాడు. ఆరు నెలల్లో అంకె కనిపించడం మానేసింది, మరో ఏడాదికి మనిషీ కనిపించడం మానేశాడు. ఉద్యోగం ఇంకా ఆరేళ్లుంది. దేవరాజు అప్పుడు అనంతపురంలో ఇంజనీరింగు హాస్టల్లో ఉన్నాడు. ఆనందరావు ఒకరోజు మధ్యాహ్నం కాలువ మీద నుంచి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, పట్టికల పుస్తకం భార్య ఒళ్లో పెట్టాడు.

“అంకెలు వచ్చు గదా నీకు. చదువు,” అన్నాడు.

లూదియమ్మకు ఇంగ్లీషు రాదు. పల్లెబడిలో ఆమె తండ్రి ఎక్కాలు నేర్పించాడు, తెలుగు అంకెల్లో. పుస్తకంలోని ఇంగ్లీషు అంకెలు భర్త ఆమె అరచేతిలో వేలితో రాసి చూపించగా వారంలో నేర్చుకుంది. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం చేటలో బియ్యం ఏరుకుంటూ ఆమె పట్టిక చదవడం, ఆయన తల ఊపుతూ “ఊఁ, తర్వాత?” అనడం. కాలువ కాపలా చూసే లస్కరు గురుస్వామి గేజి రాయి మీద నీటిమట్టం చూసి చెప్పేవాడు. దానికి ఎంత నీళ్లో లూదియమ్మ పట్టికలో వెతికి చెప్పేది. ఆనందరావు తూము ఎంత ఎత్తాలో చెప్పేవాడు.

కొన్నాళ్లకు ఆమెకొక అనుమానం వచ్చింది. పట్టిక ప్రకారం నీళ్లు నిండుగా పోవాలి, దిగువ పల్లెల వాళ్లేమో మడి తడవలేదని వస్తున్నారు. పుస్తకం తప్పేమోనంది. లండన్ పుస్తకం తప్పవుతుందా అని ఆయన నవ్వాడు. ఆమె వదల్లేదు. బట్టల మూట నెత్తిన పెట్టుకుని, ఉతకడానికన్నట్టు తూము దగ్గరికి పోయింది. గురుస్వామి ఎండు సొరకాయ బుర్ర నీళ్లలో వదిలాడు. నూరడుగులు పోవడానికి ఎంతసేపు పట్టిందో లూదియమ్మ భర్త గడియారంలో చూసి చెప్పింది. ఆ వేగాన్ని భర్త చెప్పినట్టు తూము వెడల్పుతో, నీళ్ల లోతుతో గుణించి చూస్తే, పుస్తకం తప్పే. ఆ పట్టికలు కట్టింది నున్నటి తూములకు. ఇక్కడివి గరుకు రాళ్ల తూములు, అడుగున నల్లరేగడి మేట. ఆరేళ్లలో అట్లా నలభై ఒక్క చోట్ల ఆమె పేజీ అంచున పెన్సిలుతో బుర్ర నడిచిన సెకన్లు, దాని పక్కన సరైన లెక్క తెలుగు అంకెల్లో రాసింది.

ఎవరికీ చెప్పలేదు. రిటైరయ్యాకే చూపు పోయిందని బంధువులకూ, చర్చిలో అందరికీ చెప్పుకున్నారు. సెలవులకు వచ్చిన కొడుకు కూడా కనిపెట్టలేదు. ఆనందరావుకు ఇంట్లో ప్రతి గడపా తెలుసు, ఎక్కడా తడబడేవాడు కాదు. కొడుక్కి తండ్రి కళ్లలోకి చూసే తీరిక లేదు.

ఇప్పుడు ఆ పుస్తకం నలుగురిలోకి పోతే ఎవరో ఒకరు అడుగుతారు, ఈ తెలుగు అంకెలు ఎవరివని. నిజం చెబితే ఆనందరావు ఆరేళ్లు గుడ్డితనం దాచి ఉద్యోగం చేశాడని తేలుతుంది. చర్చి పెద్దగా బైబిలు వాక్యం చెప్పిన మనిషి పేరు మట్టిలో కలుస్తుంది. చెప్పకపోతే ఆమె నోరు మూసుకుని ఆ ఫొటో ముందు చప్పట్లు కొట్టాలి.

పదింటికి లూదియమ్మ పుస్తకాన్ని తువ్వాలలో చుట్టి వైరుబుట్టలో పెట్టుకుంది. బెస్తవీధిలో ఎవరికో ఒంట్లో బాగాలేదని కోడలితో చెప్పి బయటపడింది. ఆ బుట్ట తీసుకుని ఎప్పుడూ పరామర్శకు పోని మనిషి. ప్రసన్నకుమారి గుమ్మం దాకా వచ్చి ఆ బుట్ట వైపు చూసింది.

మధ్యాహ్నం దేవరాజు పెందలాడే ఇంటికి వచ్చి పెట్టె తెరిస్తే మూడే పుస్తకాలు కనిపించాయి. ఒంటికాలి మీద లేచాడు. లూదియమ్మ ఆళ్లగడ్డ బస్సెక్కడం పక్కింటి నరసమ్మ చూసిందని ప్రసన్నకుమారి చెప్పింది. తర్వాత అత్తగారి పాటల పుస్తకంలో నుంచి ఒక చీటీ తీసి అతని ముందు పెట్టింది. ప్రతి శనివారం లూదియమ్మ మరుసటి రోజు చర్చిలో పాడే కీర్తనల నంబర్లు రాసుకునే చీటీ అది.

“ఆ పుస్తకం అంచున రాసిన అంకెలు ఎవరివి?” అని అడిగింది.

“నాయనవి.”

“మామ ఎప్పుడన్నా తెలుగు అంకెలు రాసినాడా? ఈ ౭ చూడు. తోక ఎట్ల పైకి తిప్పిందో చూడు. జ్ఞానప్రకాశం సారు వచ్చిన రోజే నేను చూసినా.”

దేవరాజు చీటీ తిప్పి తిప్పి చూశాడు. అతనికి తోచింది ఒక్కటే.

“అంటే అమ్మ నాయన పుస్తకం మీద గీకిందా? కీర్తనల నంబర్లు రాసుకునేదానికి అదే దొరికిందా? సారు ముందర నా పరువు ఏం కాను?”

“కీర్తనల నంబర్లయితే సారు లెక్కకు సరిపోతాయా?” అంది ప్రసన్నకుమారి.

జవాబు లేనప్పుడు మగాళ్లు చేసే పనే దేవరాజూ చేశాడు, ఇంకా గట్టిగా అరిచాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒంటిగంట బస్సు పట్టుకున్నారు. ఆళ్లగడ్డలో అమ్మకు గురుస్వామి తప్ప ఎవరూ లేరని ఇద్దరికీ తెలుసు. దారిపొడుగునా దేవరాజు కిటికీ పక్క సీటులో లేచి కూర్చుంటూనే ఉన్నాడు, తాను నడిపితే బస్సు తొందరగా పోతుందన్నట్టు.

గురుస్వామి ఇల్లు కాలువ గట్టు కిందే. లస్కరు పని వదిలి, ఒక బర్రెను పెట్టుకుని బతుకుతున్నాడు. పుస్తకం తన దగ్గర దాచమని లూదియమ్మ అడిగితే ముసలాయన తల అడ్డంగా ఊపాడు. తన ఇంట్లో పెడితే ఎలుకలు కొట్టేస్తాయన్నాడు. దాచడం ఏంటికి, చెప్పేయమ్మా అని కూడా అన్నాడు. ఆమె వినలేదు. అన్నం పెడితే తినలేదు. చివరికి పుస్తకం తీసుకుని పాత తూము మీదికి పోయింది.

సెప్టెంబరు నీళ్లు ఎర్రగా, నిండుగా పోతున్నాయి. పుస్తకాన్ని రెండు చేతులతో నీళ్ల మీదికి పట్టుకుంది. వదిలేస్తే ఒక్క క్షణం పని. చేతులు వదలనంటున్నాయి. నూరడుగులు పోవడానికి ఎంతసేపు పడుతుందో ఆమె మనసు తనకు తెలియకుండానే లెక్క కడుతోంది.

“అమ్మా, ఆగు.”

దేవరాజు గట్టు మీద పరుగున వచ్చి పుస్తకం లాక్కున్నాడు.

“మతి పోయిందా నీకు? నాయన పుస్తకం నీళ్లలో ఏస్తాండావా?”

లూదియమ్మ తూము రాయి మీద కూలబడింది. ఐదు రోజులుగా లోపల తిరిగి తిరిగి అలసిపోయిన మాట అప్పుడు బయటికి వచ్చింది.

“మీ నాయనకు ఆరేండ్లు కండ్లు లేవు దేవా. ఉద్యోగంలో ఉండంగనే పోయినాయి. నువ్వు హాస్టల్లో ఉంటివి. ఆ అంకెలు నేను రాసినా. లెక్కలూ నేనే కట్టినా.”

దేవరాజు తల్లి వైపు కాదు, కాలువ వైపు చూస్తూ అన్నాడు.

“అంటే కండ్లు లేకనే జీతం తీసుకున్యాడా? అబద్ధమాడితే చేతి మీద బెత్తంతో కొట్టిన మనిషి, ఆరేండ్లు ఊరందరికీ అబద్ధం చెప్పినాడా?”

“ఇదో, ఈ మాటకే భయపడినా. బయటోళ్లు అంటారనుకున్యా. కడుపున పుట్టినోడే ముందు అన్యాడు.”

గురుస్వామి అప్పటికి కట్టె ఊతంగా గట్టెక్కి వచ్చాడు.

“ఒక్క మాట విను దేవరాజప్పా. ఆ ఆరేండ్లు చిట్టచివరి మడి దాకా నీళ్లు పోయినాయి. అంతకు ముందు పోల్యా. నేను గేజి చూసి చెప్పినా, అమ్మ లెక్క చెప్పింది, అయ్య తూము ఎత్తమన్యాడు. ముగ్గురం ఒక మనిషి పని చేసినాం. దాంట్లో మోసం యాడుండాదో చూపియ్యి.”

ప్రసన్నకుమారి అత్త పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. నిజంగా మామ పేరు కోసమేనా ఇంత తిప్పలు పడింది అని మెల్లగా అడిగింది. లూదియమ్మ నేల చూస్తూ చెప్పింది.

“ఆనందరావు సవరణలు అన్యాడు ఆ సారు. ఆ మాట ఇనంగానే నాకు కడుపులో మంట పుట్టింది ప్రసన్నా. చచ్చిపోయిన మొగుని మీద కుళ్లు పుట్టింది. నావి అని అరవాలనిపించింది. అరిస్తే ఆయన పేరు పోతాది. గమ్మునుంటే నేను ఉడికిపోతాండా. అసలు ఈ పుస్తకమే లేకపోతే రెండూ పోతాయి గదా అనుకున్యా.”

ఆమె ఏడ్చింది. కొడుకు ముందు ఆమె అంతగా ఏడవడం అదే మొదటిసారి. దేవరాజుకు తల్లి మొహం చూసే ధైర్యం లేదు. పొద్దున తానన్న మాట చెవిలో గింగురుమంటోంది, లెక్కల సంగతి నీకేం తెల్సునని. చేతికేదో పని కావాలన్నట్టు పుస్తకం తెరిచాడు. పేజీ తర్వాత పేజీ, అంచుల్లో చిన్న చిన్న తెలుగు అంకెలు, ఒక్క కొట్టివేత లేకుండా. అట్లా తిప్పుతూ తిప్పుతూ అచ్చు లేని చివరి పేజీకి వచ్చి ఆగిపోయాడు.

ఆ పేజీ నిండా సిరాతో, ఏటవాలుగా, ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కిన పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. నాయన చేతిరాత. చూపు లేని చేతిరాత.

“ఇది ఏందో తెలుసునా నీకు?” అన్నాడు తల్లితో.

లూదియమ్మకు ఆ పేజీ తెలుసు. చనిపోవడానికి ముందు ఏడాది ఆనందరావు పెన్ను అడిగి, కాగితం మీద స్కేలు ఆనించుకుని, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కష్టపడి రాశాడు. ఏం రాశావని అడిగితే, పై ఇంజనీరు చూడాల్సిన మాట అని నవ్వాడు. ఆఫీసు సంగతేదో అనుకుని ఆమె ఊరుకుంది.

“నాకేం తెలుసు నాయనా. అది ఇంగిలీషు. అంకెలు కాదు గదా.”

ఆనందరావు శాఖలో ఒక పద్ధతి ఉండేది. ఏ పని కొలతల పుస్తకమైనా చివర మూడు మాటలు ఉండాలి. కొలత చూసింది ఎవరు, లెక్క కట్టింది ఎవరు, సరిచూసింది ఎవరు. ఆ మూడూ లేనిదే పని జరిగినట్టు కాదు. దేవరాజు ఒక్కో వరుసా తెలుగులో చెబుతూ చదివాడు.

“ఈ పుస్తకంలో నలభై ఒక్క సవరణలు ఉన్నవి. గేజి చూసినది లస్కరు గురుస్వామి. లెక్క కట్టి రాసినది నా భార్య లూదియ. అరవై ఎనిమిది నుంచి నా కండ్లు కనిపించనందున నేను సరిచూడలేదు. సరిచూడవలసినవారు, ఇంజనీరు ఎ. దేవరాజు.”

దాని కింద సంతకం అని ఉంది. సంతకం చోట ఖాళీ.

గురుస్వామి తలగుడ్డ తీసి కళ్లకు అద్దుకున్నాడు. తన పేరు కూడా అచ్చు పుస్తకంలో ఉందని ఆయనకూ ఇప్పుడే తెలిసింది. లూదియమ్మ అట్లాగే కూర్చుంది. పుస్తకంలో ప్రతి అంకె చదివిన మనిషి, తన పేరున్న ఒక్క పేజీ మాత్రం చదువుకోలేకపోయింది. చదవగలిగిన కొడుకు ఏడేళ్లు ఆ పెట్టె పక్కనే పడుకున్నాడు. ఆనందరావు పేరు కోసం ఆమె దాచాలనుకున్నదంతా ఆయన తన చేత్తోనే ఎప్పుడో ఒప్పేసుకున్నాడు.

“చెప్పినాడా,” అంది ఆమె. “నా పేరు చెప్పినాడా ఆయన.”

“చెప్పినాడమ్మా. నాకే చెప్పినాడు. నేనే చూసుకోలేదు.” దేవరాజు తల్లి కాళ్ల దగ్గర గట్టు మీద కూర్చుండిపోయాడు. “పొద్దున అట్లా అన్యాను గదా. ఆ మాట నాలిక్కొచ్చింది గానీ దాన్ని ఎట్ల వెనక్కి తీసుకోవాల్నో తెలీటంల్యా.”

ఆమె అతని తల మీద చెయ్యి వేసింది.

కొంతసేపటికి దేవరాజు, ఆదివారం ప్రదర్శనలో ఈ చివరి పేజీయే తెరిచి పెడదామన్నాడు. చూసేవాళ్లు ఏమనుకుంటే అది అనుకోనీ అన్నాడు. లూదియమ్మ కళ్లు తుడుచుకుని పుస్తకం చేతిలోకి తీసుకుంది. ఆమె గొంతులో అప్పటిదాకా ఎవరూ వినని ఒక అధికారం పలికింది.

“సరిచూడకుండా ఏం పెడతావు? సంతకం లేదు గదా.”

దేవరాజు జేబులో పెన్ను తీశాడు. గురుస్వామి చాప తెచ్చి వేపచెట్టు నీడలో పరిచాడు. ప్రసన్నకుమారి బుట్టలో ఉన్న తువ్వాల మడిచి అత్తకు వేసింది. లూదియమ్మ మొదటి సవరణ ఉన్న పేజీ తీసి, గేజి లోతు, బుర్ర నడిచిన సెకన్లు, తన లెక్క ఒక్కొక్కటిగా చదివింది. దేవరాజు తూము వెడల్పు గురుస్వామిని అడిగి, కాగితం మీద గుణించి, భాగించి, అంకె కింద గీత గీశాడు. పాయింటు తర్వాతి అంకెలో కూడా తేడా లేదు.

“సరిపోయింది,” అన్నాడు తలెత్తకుండా. “ఊఁ, తర్వాత?”

లూదియమ్మ చదవడం ఆపింది. పుస్తకం మీద నుంచి కళ్లెత్తి కొడుకును చూసింది. అతను కాగితం మీద వంగి, తర్వాతి అంకె కోసం ఎదురుచూస్తున్నాడు. తానేమన్నాడో అతనికి తెలియదు. ఆమె పైటకొంగుతో మొహం తుడుచుకుంది, రెండో పేజీ తీసింది.

నాలుగున్నర బస్సు పోతే మళ్లీ ఆరుకే అని ప్రసన్నకుమారి గుర్తుచేసింది. పోనీలే అన్నాడు దేవరాజు. ఇంకా నలభై ఉన్నాయి.